మనలి గాజింట్లో కాక్టస్‌లు పూయని మూడేళ్ళు

నా సర్వీసు మొత్తంలో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. అదీ నేను అడిగి తీసుకున్నదే. రిటైరయిన రోజు మెడలో దండ వేసి ఒక్కొక్కరే మైకు పట్టుకుని, మచ్చలేని మనిషని నన్ను పొగుడుతుంటే లోపల నవ్వొచ్చింది. ఆ మచ్చ సంగతే ఇక్కడ రాస్తున్నాను. తోటపని ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా చదివితే కొంచెం పనికిరావచ్చు. చదవకపోయినా మునిగిపోయేదేమీ లేదు. మీ తప్పులు మీరు చేసుకుంటారు, మేమూ అలాగే నేర్చుకున్నాం.

అవి తొంభైలు. ఊరిని మద్రాసనాలో చెన్నై అనాలో జనం నాలుకకు ఇంకా తేలని రోజులు. మా ఫ్యాక్టరీ మనలిలో ఉండేది. రంగుల్లో కలిపే రసాయనాలు తయారయ్యేవి. నాకు వాటితో సంబంధం లేదు, నేను తోట సూపర్‌వైజర్ని. తొండియార్‌పేటలో మా ఇంటి దగ్గర బస్సెక్కి కళ్ళు మూసుకున్నా, వాసన మారడాన్ని బట్టి ఎక్కడిదాకా వచ్చామో చెప్పగలిగేవాణ్ణి. ఆ గాలిలో పచ్చదనం పెంచి చూపించడం నా ఉద్యోగం.

చదివింది వ్యవసాయ డిప్లొమా. అందులో నాకు బాగా అబ్బిన విద్య పిండినల్లి పురుగును చంపడం. గేటు నుంచి ఆఫీసు దాకా మా ఫ్యాక్టరీకి మందార కంచె ఉండేది. నేను చేరేనాటికి పిండినల్లి పట్టి, కొమ్మలన్నీ దూది అంటించినట్టు తెల్లబడి సగం కంచె ఎండిపోయింది. ఏడాది తిరిగేసరికి దాన్ని నిలబెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నా తలకెక్కింది. ఇక అప్పట్నుంచి ఏ చెట్టు మీద తెల్లగా మెత్తగా ఏం కనిపించినా నాకది పిండినల్లే.

మా జనరల్ మేనేజరు గుంటూరు వైపు మనిషి. మంచివాడు, కానీ ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టు. ఒకసారి ఆయన కొండ ప్రాంతాల వైపు వెళ్ళి, ఎవరింట్లోనో పిడికెడంత కాక్టస్ మీద జానెడు పువ్వు చూసి వచ్చారు. వచ్చీ రాగానే నన్ను పిలిచారు.

"ఏమయ్యా, ఈ పొగకి గులాబీలు బతకవు, సరే. ఆ ముళ్ళ మొక్కలు బతుకుతాయి కదా. పూయించు."

ఆఫీసు పక్కన గాజు పలకలతో చిన్న ఇల్లు లేచింది. బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ నుంచి పార్సిల్లో నలభై మొక్కలొచ్చాయి. మట్టి లేదు, కుండీ లేదు, ఒక్కొక్కటీ వార్తాపత్రికలో చుట్టి ఉంది. విప్పి చూస్తే వాడిపోయిన ఉల్లిగడ్డల్లా ఉన్నాయి. నేను పార్సిల్ ముందు నిలబడి ఇవి బతుకుతాయా అనుకున్నాను. ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం ఆకు ఎరువు కలిపి నాటాం. పది రోజులు చుక్క నీరు పోయలేదు. తర్వాత తడిపితే రెండు రోజుల్లో పొట్ట పూరించుకుని కూర్చున్నాయి.

అప్పట్నుంచి నాకు వాటి పిచ్చి పట్టింది. నిలువునా గట్లు, గట్ల మీద స్కేలు పెట్టి కొలిచినట్టు ముళ్ళ గుత్తులు. ఎండలో గట్లు దగ్గరికి ముడుచుకునేవి, నీళ్ళు తాగితే మళ్ళీ విచ్చుకునేవి. ఒక ముల్లు సూదిలా ఉంటే ఇంకొకటి గాలంలా కొన దగ్గర వంగి ఉండేది. జేబులో భూతద్దం వేసుకుని తిరిగేవాణ్ణి. ముళ్ళు చూశాను, వేళ్ళు చూశాను, ఎండిన చర్మం మీద మచ్చలు చూశాను. ఆ గుత్తుల పక్కన అప్పుడప్పుడూ లేచే తెల్లటి దూదిని మాత్రం భూతద్దంతో చూడలేదు. అదేమిటో నాకు తెలుసు కదా, తెలిసినదాన్ని ఎవరు చూస్తారు?

గాజింటి పని చూసుకోవడానికి లేబర్ మేస్త్రీ ఒకావిడను పంపించాడు. యాభై దాటిన మనిషి. అందరం అక్కా అనేవాళ్ళం. తిరువొత్తియూరు నుంచి వచ్చేది. వాళ్ళ వాళ్ళు ఎన్ని తరాల కిందట ఆ ఊరు చేరారో ఆవిడకే తెలియదు. మాట తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేది. భర్త పోయాడు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. ఇద్దరికీ ఈవిడ పనే ఆధారం. కాంట్రాక్టు మనిషి కాబట్టి గేటు పాసు నెలనెలా పొడిగించాలి, పాసు ఆగితే పని ఆగినట్టే.

కాక్టస్‌ను చేత్తో పట్టుకోవడం ఆవిడే నాకు నేర్పింది. నేను తోలు చేతొడుగులు తెప్పిస్తే పక్కన పెట్టి, పాత వార్తాపత్రికను పట్టీలా మడిచి, మొక్క నడుముకు చుట్టి ఎత్తేది. ముల్లు విరిగేది కాదు, వేలికి గుచ్చుకునేది కాదు. ఎండాకాలం వారానికొకసారి, చలికాలం నెలకొకసారి నీళ్ళు. నేను చెప్పినదానికి చెంబెడు ఎక్కువ పోయదు, తక్కువ పోయదు.

ఇక శనివారాల సంగతి. ప్రతి శనివారం పొద్దున చీపురుపుల్లలకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, నలభై మొక్కల మీదా ఎక్కడెక్కడ తెల్ల దూది లేచిందో అక్కడల్లా తుడవాలని నా ఆర్డరు. అక్క ముందు తుడిచేది, వెనకాల నేను తనిఖీ చేసేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు. పురుగు కూడా, ఏం మొండిదో, తుడిచిన చోటే మళ్ళీ లేచేది. చలికాలం పోయి ఎండ ముదిరే రోజుల్లో మరీ ఎక్కువ.

రెండో ఏడు అనుకుంటాను, అక్క ఒక దూది ముక్కను వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

"సార్, ఇది పురుగు మాదిరి లేదు."

"మరేందక్కా?"

"ఏందో తెలీదు. మందారం మీద పురుగును నలిపితే వేలికి తడి అంటతాది. దీంట్లో తడే లేదు. పొడిగా ఉండాది."

"ముళ్ళ చెట్టులో రసం తక్కువ. దాన్ని తాగే పురుగు కూడా పొడిగానే ఉంటాది" అన్నాను. ఆలోచించకుండా అన్నమాట. అనగానే నాకే భలే శాస్త్రీయంగా వినిపించింది.

"సరి సార్" అని అక్క మళ్ళీ పుల్ల ముంచింది. మధ్యలో ఇంకో రెండు మూడుసార్లు అదే మాట అంది, నేనూ అదే జవాబిచ్చాను.

మొక్కలు బలిశాయి. పిల్లలు పెట్టాయి. పువ్వు మాత్రం లేదు. ఫ్యాక్టరీలో అందరికీ ఇది ఒక వినోదం అయింది. టీ వేళకు ఎవరో ఒకరు వచ్చి గాజింట్లో తొంగి చూసేవారు. ఇవి మగ చెట్లు, బొప్పాయిలో ఉన్నట్టే వీటిలోనూ మగవి ఉంటాయి, నిన్ను మోసం చేశారన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన. ముళ్ళ చెట్టును నాలుగు గోడల మధ్య పెడితే కలిసిరాదన్నారు స్టోర్స్ ఆయన. ఆయనకు ఏదీ కలిసిరాదు, అది వేరే సంగతి. నాకు మాత్రం నిజంగా కుతూహలంగా ఉండేది. ఎండ తగ్గించి చూశాను, పెంచి చూశాను, మట్టి మార్చాను, బూడిద వేశాను. అన్నీ మార్చి చూశాను, శనివారం పని ఒక్కటి తప్ప.

మూడో ఏడు ఫిబ్రవరిలో జి.ఎం.గారు నన్ను గదికి పిలిచారు. ఈ ఎండాకాలంలో ఒక్క పువ్వన్నా చూడకపోతే గాజిల్లు స్కూటర్ల షెడ్డు అవుతుందన్నారు. తర్వాత అడిగారు:

"ఎక్కడుంది లోపం? నీ దగ్గరా, పనిమనిషి దగ్గరా? రాసివ్వు."

ఆ రాత ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. 'కార్మికురాలు అవసరానికి మించి నీళ్ళు పోయుటచే మొక్కలు పుష్పించుట లేదు' అని రాశాను. నీళ్ళెక్కువైతే కాక్టస్ అడుగు నుంచి కుళ్ళుతుంది. మూడేళ్ళలో మా దగ్గర ఒక్కటి కుళ్ళలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కాగితం మీద ఏదో ఒక కారణం ఉండాలి, ఆ కారణం నేను కాకూడదు. సంతకం పెట్టి ఇచ్చేసి, ఎవరికీ చెప్పలేదు.

షెడ్డు మాట మాత్రం అందరికీ తెలిసింది. ఆ వారంలోనే క్యాంటీన్ మాస్టరు కూరగాయల కత్తి పట్టుకుని గాజింటికి వచ్చాడు. ఆయనది చిత్తూరు జిల్లా.

"మా ఊర్లో కాయని మామిడికి గొడ్డలి చూపిస్తాం సార్. ఒకడు నరుకుతా అనాల, ఇంకొకడు అడ్డం పడాల. మరు సంవత్సరం కాయకుంటే అడగండి."

"దీనికి గొడ్డలెందుకు, కత్తి చాలు" అన్నాను నవ్వుతూ.

అక్క అన్నిటికంటే పెద్ద మొక్కను, కొబ్బరికాయంత దాన్ని, ఎంచి బల్ల మీద పెట్టింది. మాస్టరు ముఖం సీరియస్‌గా పెట్టి కత్తి ఎత్తాడు.

"ఏమే, పూస్తావా పూయవా? ఈ తూరి పూయలేదంటే నిన్ను కోసి సాంబార్లో ఏస్తా."

అక్క రెండు చేతులూ మొక్కకు అడ్డం పెట్టింది. "వద్దన్నా. ఈ ఒక్క తూరికి వదిలెయ్. పూస్తాది. నాది పూచీ."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వుతున్నవాణ్ణే, నాది పూచీ అన్న మాట వినగానే ఆగిపోయాను. నా సంతకం పెట్టిన కాగితం అప్పటికే పై అంతస్తులో ఉంది. పనుందని చెప్పి బయటపడ్డాను. నేను వెళ్ళాక మాస్టరు ఆ తంతులో మిగతా భాగం కూడా చెప్పాడట. బెదిరించిన చెట్టును ఒక మండలం, అంటే నలభై దినాలు, ఎవరూ ముట్టకూడదు, కదపకూడదు, గీరకూడదు. అక్క ఆ మాట పట్టుకుంది. శనివారం నా తనిఖీలో నేనెక్కడ తుడిపిస్తానోనని ఆ కుండీని తీసుకుపోయి పంపు గది వెనక కిటికీ గట్టు మీద పెట్టింది. నలభైలో ఒకటి తక్కువైందని నేను గమనించనే లేదు. అదీ నా సూపర్‌విజన్.

ఏప్రిల్‌లో ఒక బుధవారం ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. గాజింటి కార్మికురాలి పాసు సోమవారం నుంచి పొడిగించబోమని, ఆ మాట ఆమెకు నేనే తెలియజేయాలని. బుధవారం చెప్పలేకపోయాను. గురువారం మందార కంచె దగ్గర పని కల్పించుకున్నాను. శుక్రవారం గాజింటి వైపే వెళ్ళలేదు. శనివారం ఇక తప్పదు. ఏడింటికే కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాను.

అక్క గాజింట్లో లేదు. స్పిరిట్ సీసా, పుల్లలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. పంపు గది వెనక నుంచి పిలిచింది.

"సార్, ఈడ రాండి. ఊరికే వచ్చి చూడండి."

కిటికీ గట్టు మీద ఆ కొబ్బరికాయంత మొక్క. దాని పక్క నుంచి బొచ్చు కాడ ఒకటి జానెడు పొడవు సాగి, చివర నా అరచేతికంటే పెద్ద పువ్వు. లేత గులాబీ అంచున్న తెలుపు. లోపల పచ్చటి కేసరాలు, వాటిలో ఒక చిన్న తేనెటీగ. మనలి గాలిలో ఆ పువ్వుకు మంచి వాసన ఉంది. నేను ముక్కు దాదాపు ముళ్ళకు ఆనించి పీల్చాను.

పువ్వును చూసిన సంతోషం ఎంతసేపో లేదు. భూతద్దం తీశాను. పువ్వు కాడ పుట్టిన చోటు పక్కనే, మొక్క ఇంకో గట్టు మీద, చిటికెన వేలంత ఇంకో బొచ్చు కాడ ఉంది. దాని పక్క గట్టు మీద శనగ గింజంత బొచ్చు ముద్ద. ఆ పక్కన, ముళ్ళ గుత్తిని ఆనుకుని, తెల్లటి దూది. నేను మూడేళ్ళుగా ప్రతి శనివారం స్పిరిట్‌తో తుడిపించిన దూదే. అద్దం కింద దాని మధ్యలో ఆవగింజంత ఆకుపచ్చ మొన కనిపించింది. పురుగుకు కాళ్ళుంటాయి. దీనికి కాళ్ళు లేవు.

ఒకే మొక్క మీద దూది, గింజ, వేలు, పువ్వు వరసగా ఉన్నాయి. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు. అక్క కూడా ఆ వరస వెంట వేలు జరుపుతూ దూది దగ్గర ఆగింది.

"మొగ్గలా సార్, మనం తుడిచింది?"

"మొగ్గలే అక్కా."

ఆవిడ గోడకానుకుని కూర్చుంది. "అంతా నా చేత్తోనే తుడిచినా" అంది. ఆవిడకు నా మీద కోపం రాలేదు, రావాల్సిందే కానీ రాలేదు. తన చేతుల కేసి చూసుకుంటోంది. జేబులో కాగితం ఉందన్న సంగతి గుర్తుకొచ్చింది.

ఆ పువ్వుల సంగతి కొంచెం చదివి ఉన్నాను. సాయంత్రం విచ్చుకుంటాయి, మర్నాడు ఎండ ముదిరేసరికి వాలిపోతాయి. జి.ఎం.గారు శనివారం పదింటికి వస్తారు. నేను కుండీని ఎత్తుకోబోతే అక్క ఆపి, వార్తాపత్రిక మడిచి తనే చేతికిచ్చింది. ఆయన గది ముందు కుర్చీలో కుండీ ఒళ్ళో పెట్టుకుని, పువ్వు మీద ఫైలు నీడ పట్టి కూర్చున్నాను. పదయింది, పదింబావయింది. రేకుల అంచులు మెత్తబడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. పదిన్నరకు ఆయన వచ్చారు.

చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. కిటికీ దగ్గర పెట్టించి చుట్టూ తిరిగి చూశారు. ఆయన కూడా వాసన చూశారు. తర్వాత నా భుజం తట్టారు.

"చూశావా, నువ్వు రాసిందే నిజమైంది. నీళ్ళు తగ్గించేసరికి పూసింది. సరే, పూసింది కాబట్టి ఆవిణ్ణి కూడా ఉండనీ. గాజిల్లు కూడా ఉంటుంది."

పిల్లలూ, ఇక్కడ ఆగండి. నేను నోరు మూసుకుంటే చాలు. ఆవిడ పని నిలిచింది, నా పేరు నిలిచింది, ఆయన సంతోషంగా ఉన్నారు. ఇంత సుఖమైన దారి నా సర్వీసులో మళ్ళీ దొరకలేదు. కానీ ఆ కాగితం ఫైల్లో ఉన్నంతకాలం ఆవిడ నీళ్ళెక్కువ పోసిన మనిషే. రేపు ఇంకో పెద్దాయన వచ్చి ఫైలు తెరిస్తే మొదట ఆవిడ పాసే ఆగుతుంది.

"ఆ రిపోర్టు తప్పండి" అన్నాను. దూది సంగతంతా చెప్పాను.

ఆయన వంగి ఆ దూదిని చూశారు. "అంటే మూడేళ్ళుగా మొగ్గల్ని నువ్వే చంపిస్తున్నావా?"

"అవునండి."

"పురుగనుకుని?"

"అవునండి. ఆవిడ కాదేమో అంది. నేను వినలేదు."

ఆయనకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ముందు నవ్వు, తర్వాత కోపం. రాసివ్వమన్నారు. రాసిచ్చాను. దాని మీద నాకు మెమో కూడా ఇప్పించమని అడిగాను, లేకపోతే ఫైల్లో పాత కాగితానికి జవాబు ఉండదని. ఆయన నన్ను వింతగా చూసి, స్టెనోను పిలిచారు. ఆ తర్వాత నాలుగేళ్ళు సూపర్‌వైజర్ల మీటింగుల్లో ఎవరు తెలిసినట్టు మాట్లాడినా, "ఏమయ్యా, అది పురుగా మొగ్గా?" అనేవారు. అందరూ నా వైపు చూసి నవ్వేవారు. అది నాకు న్యాయమే.

కుండీతో గాజింటికి తిరిగొచ్చేసరికి పువ్వు తల వాల్చేసింది. అక్క ఇటుకల వరస మీద కూర్చుని ఉంది. పుల్లలన్నీ చెత్తబుట్టలో పడేసింది.

"అక్కా, నీ పాసు ఆపేస్తామని కాగితం వచ్చింది. ఇప్పుడు వద్దన్నారు. నువ్వు ఉంటావు."

"తెలుసు సార్. బుధవారమే మేస్త్రీ చెప్పినాడు. నేను నీళ్ళు ఎక్కువ పోసినానని మీరు రాసినారంట గదా."

మూడు రోజులుగా ఆవిడకు తెలుసు. తెలిసీ వచ్చి మొక్కలు చూసుకుంది, నాకు పువ్వు చూపించింది, కుండీ పట్టుకోవడానికి పత్రిక మడిచి ఇచ్చింది.

"మరి నన్నెందుకు అడగలేదక్కా?"

"ఏమని అడిగేది సార్? మీరు చదువుకున్నోళ్ళు. మీరు రాసినారంటే నిజమే అయ్యుంటాదని అనుకున్నా. ఎప్పుడైనా మరిచిపోయి ఒక చెంబు ఎక్కువ పోసినానేమో అని ఈ మూడు దినాలూ ఒకటే తలచుకుంటా ఉండా. ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు."

జి.ఎం. గదిలో చెప్పినదంతా నా తెలివితక్కువ గురించే. దూదిని పురుగనుకున్నాను అని చెప్పడం ఏమంత కష్టం కాదని అప్పుడు అర్థమైంది. అసలు చెప్పాల్సింది ఇంకొకటి మిగిలి ఉంది, అది ఆయనకు కాదు.

"నువ్వు ఎక్కువ పోయలేదక్కా" అన్నాను. "ఒక్క చెంబు కూడా ఎక్కువ పోయలేదు. రాసేటప్పుడే నాకది తెలుసు."

అక్క నా మొహం కేసి చూసింది. తర్వాత "సరి సార్" అని లేచి, స్పిరిట్ సీసాకు మూత బిగించింది.